మావయ్య నావకు మోటారు

మా మావయ్య నావకు కరెంటు మోటారు పెట్టించానని చెబితే బరంపురంలోని నా పాత ఆఫీసు మిత్రులు ముందు నవ్వుతారు. ఆ తర్వాత "బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది?" అని అడుగుతారు. టెలిఫోన్ శాఖలో పనిచేసినవాళ్ళకు అలవాటైన ప్రశ్న అది. నేనూ మొదట ఆ ప్రశ్నే వేసుకున్నాను. అది ఒక్కటే అడిగితే చాలదని తెలుసుకోవడానికి 2023 మార్చిలో ఒక సాయంత్రం చిలికా మధ్యలో లంగరు వేసుకుని కూర్చోవలసి వచ్చింది.

కాస్త వివరంగా చెబుతాను. మాది చిలికా సరస్సు దక్షిణపు కొసన, పాలూరు వైపు ఉన్న చిన్న పల్లె. మమ్మల్ని ఒరియా వాళ్ళు నోలియాలంటారు. ఏ తరంలో ఇటు వచ్చామో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. బయట ఒరియా, ఇంట్లో తెలుగు. నావ ఎక్కితే మాత్రం ఒక్క తెలుగే. గెడ, తెడ్డు, చుక్కాని, లంగరు, బార అన్న మాటలు మా పిల్లలకు బడిలో ఎవరూ నేర్పలేదు, నీళ్ళ మీదే వచ్చాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న పోయారు. అమ్మనూ నన్నూ మావయ్య తన ఇంటికి తెచ్చుకున్నాడు. నేను బరంపురంలో డిప్లొమాలో చేరిన ఏడాది నావకు కొత్త తెరచాప కొనవలసి ఉంది. ఆ డబ్బు నా ఫీజు కింద పోయింది. మావయ్య పాత చాపకు అత్త చీర గుడ్డలతో అతుకులు వేసి మరో రెండేళ్ళు లాగించాడు. ఈ సంగతి ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఉద్యోగం వచ్చాక అత్త చెప్పింది.

ఆ ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఎక్స్ఛేంజి గదుల్లో బ్యాటరీలతోనే గడిపాను. రెండేసి వోల్టుల సెల్లులు ఇరవై నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. కరెంటు పోయినా ఊళ్ళో ఫోను ఆగకూడదు. 2020లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. బ్యాటరీ గురించి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదన్న గర్వం మాత్రం విరమించలేదు.

2022 వర్షాకాలంలో మావయ్య కుడి భుజం పట్టేసింది. లోపల నరం లాంటిది తెగిందని, గెడ వేయడం మానెయ్యాలని బరంపురంలో డాక్టరుగారు చెప్పారు. కొడుకు సూరత్‌లో మగ్గాల మీద ఉన్నాడు. నావ నడిపే మనిషి ఇంట్లో మరొకరు లేరు. "అమ్మేద్దాం, ఈ వయసులో ఎందుకు?" అని అత్త పోరు పెట్టింది. మావయ్య ఏమీ అనలేదు కానీ అన్నం సగంలో లేచిపోవడం మొదలుపెట్టాడు. నేను సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఆయన అరుగు మీద కూర్చుని ఒడ్డున బోర్లించిన నావనే చూస్తూ ఉండేవాడు.

మా పక్క చాలామంది పొడుగు కడ్డీ ఉన్న డీజిలు ఇంజన్లు పెట్టుకున్నారు. అదే పెడదామంటే రెండు చిక్కులు. ఆ ఇంజను స్టార్టు చెయ్యాలంటే హ్యాండిలు వేసి గట్టిగా తిప్పాలి. భుజం లేనివాడికి అది ఎలాగూ కాదు. రెండోది మోత. మావయ్యకు ఇప్పటికే వినికిడి తగ్గింది. చేప గెంతిన చప్పుడు, గాలి మారిన చప్పుడు వినకుండా చేపలు పట్టడం ఆయనకు కళ్ళకు గంతలు కట్టుకుని నడవడం లాంటిది.

అప్పుడు నాకు ట్రోలింగ్ మోటారు గుర్తుకు వచ్చింది. ట్రోలింగ్ అంటే ఎర కట్టిన తాడును నీళ్ళలో నెమ్మదిగా లాగుతూ పడవ నడపడం. చేప బెదరకుండా నిశ్శబ్దంగా నడిచే చిన్న కరెంటు మోటారు దానికి కావాలి. 1934లో అమెరికాలోని నార్త్ డకోటాలో, ఫార్గో అనే ఊళ్ళో ష్మిట్ అనే ఆయన ఇలాంటిదాన్ని తయారుచేశాడు. అది మిన్నెసోటా రాష్ట్రపు సరిహద్దు ఊరు కనుక, రెండు రాష్ట్రాల పేర్లూ కలిపి ఆ కంపెనీకి మిన్ కోటా అని పేరు పెట్టారు. అక్కడి వాళ్ళకు పెద్ద ఇంజను వేరే ఉంటుంది. చేపలున్న చోటుకు చేరాక దాన్ని ఆపి, ఈ చిన్న మోటారుతో మెల్లగా తిరుగుతారు. మా మావయ్యకు మాత్రం ఇది ఒక్కటే ఇంజను కావాలి. ఈ తేడా ఎంత పెద్దదో నాకు అప్పుడు తట్టలేదు.

ఇటువంటి మోటారు బలాన్ని గుర్రపు శక్తిలో కాక, నీటిని ఎంత తోస్తుందో పౌండ్లలో చెబుతారు. నిండు బరువులో ప్రతి వంద పౌండ్లకు కనీసం రెండు పౌండ్ల తోపు ఉండాలని ఒక మోటు లెక్క. మాది పద్దెనిమిది అడుగుల నావ, 250 కిలోలు. మనుషులిద్దరం 130 కిలోలు. వలలు, ఐసు పెట్టె, సరుకు 80. మోటారు, బ్యాటరీ కలిపి 40. మొత్తం 500 కిలోలు, అంటే 1100 పౌండ్లు. కనీసం 22 పౌండ్ల తోపు చాలన్నమాట. నేను ధారాళంగా 55 పౌండ్లది తీసుకున్నాను. పన్నెండు వోల్టుల ఒక్క బ్యాటరీతో నడిచేవాటిలో సుమారుగా అదే పెద్దది. అంతకు మించితే 24 వోల్టులు, అంటే రెండు బ్యాటరీలు వరుసగా కలపాలి.

బ్యాటరీ లెక్క నాకు మంచినీళ్ళ ప్రాయం అనుకున్నాను. ఆ మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా తాగుతుంది. సగం వేగంలో పాతిక వేసుకుందాం. వంద ఆంపియర్-అవర్ బ్యాటరీని పాతికతో భాగిస్తే నాలుగు గంటలు. పోయి రావడానికి రెండున్నర గంటలు చాలు. ఇంట్లో ఇన్వర్టరుకు వాడే సీసపు బ్యాటరీనే కొన్నాను. అత్తకు లెక్క కాగితం మీద వేసి మరీ చూపించాను.

మార్చిలో ఒక రోజు పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. మావయ్య అలవాటు చొప్పున వెదురు గెడను నావలోకి ఎక్కించబోతే, "మోటారుండగా అదెందుకు మావయ్యా, బరువు" అని ఒడ్డునే పెట్టించాను. ఆయన నన్నొకసారి చూసి ఊరుకున్నాడు.

పోయేటప్పుడు ఏం చెప్పమంటారు! నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మోటారు ఉందా లేదా అన్నట్టు ఉంది. చేయి చుక్కాని మీద వేసి కూర్చున్న మావయ్య ముఖం ఆరు నెలల తర్వాత విప్పారింది. దగ్గర్లో చేప గెంతితే తల అటు తిప్పాడు. ఉత్తరంగా రంభ వైపు ఆరు కిలోమీటర్లు పోయాం. ఒక వల నుంచి మరో వలకు తిరుగుతూ పన్నెండు దాటించాం. బ్యాటరీ మీద నాలుగు దీపాల్లో మూడు వెలుగుతూనే ఉన్నాయి. చూశావా అన్నట్టు నేను మావయ్యకు వాటిని చూపించాను.

ఒంటిగంట దాటాక దక్షిణపు గాలి లేచింది. ఎండాకాలంలో మా వైపు అది రోజూ ఉండేదే. నేల వేడెక్కిన కొద్దీ సముద్రం మీది గాలి లోపలికి తోసుకొస్తుంది. మా ఇల్లు దక్షిణాన. అంటే ఇంటికి పోవాలంటే ఆ గాలికి ఎదురు పోవాలి. సగం వేగంలో నావ ఉన్నచోటనే ఊగింది. పూర్తి వేగం పెట్టాను. అల ముక్కుకు తగిలి చిందుతోంది, నావ నత్తలా కదులుతోంది. అరగంటకు దీపాలు మూడు నుంచి ఒకటికి పడిపోయాయి. మరి కాసేపటికి పంకా తిరగడం మందగించి, ఆగిపోయింది.

నావ ఇంటికి వెనక్కి, ఉత్తరానికి కొట్టుకుపోసాగింది. గెడ ఒడ్డున ఉంది. మావయ్య ఎడమ చేత్తోనే లంగరు విసిరాడు. అది పట్టే దాకా నాకు ఊపిరి ఆడలేదు. ఫోను అందింది కాబట్టి సరిపోయింది. గంటన్నరకు పక్కింటి కుర్రవాడు డీజిలు నావ వేసుకుని వచ్చాడు. మోత అని నేను ఈసడించుకున్న ఆ చప్పుడు దూరం నుంచి వినపడగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో దేవుడికే తెలియాలి.

ఆ రాత్రి అత్త నావను అమ్మేస్తేనే అన్నం తింటానంది. కొనేవాడు కూడా ఉన్నాడు. మావయ్య నన్ను తిట్టలేదు. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు.

"ఎల్లేటప్పుడు బేటరీ ఎంతుందో సూసేవు. వచ్చేటప్పుడు గాలెంతుంటాదో నన్నొక్క మాట అడగనేదేట్రా?"

నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడ తప్పానో తెల్లవారుజామున కాగితం తీసి చూసుకుంటే సిగ్గేసింది. ఎక్స్ఛేంజిలో మా బ్యాటరీల సామర్థ్యం పది గంటల పాటు నెమ్మదిగా వాడే లెక్కన చెబుతారు. ఇంటి ఇన్వర్టరు బ్యాటరీది ఇరవై గంటల లెక్క. వంద అని రాసి ఉంటే, గంటకు ఐదు చొప్పున తీస్తేనే ఆ వంద. గంటకు యాభై లాగితే అంత రాదు, చాలా ముందే చతికిలబడుతుంది. పైగా సీసపు బ్యాటరీని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. కాబట్టి ఎదురుగాలిలో నా బ్యాటరీ నాలుగు గంటలది కాదు, గంట లోపుది. ఆ దీపాల సంగతీ అంతే. మోటారు ఆపి చూస్తే వోల్టేజి కోలుకుని మూడు వెలుగుతాయి. లాగుతున్నప్పుడు చూస్తేనే అసలు రంగు. ఇదంతా నాకు తెలియనిది కాదు. కానీ ముప్ఫై ఏళ్ళలో నా బ్యాటరీ మీద గాలి ఎన్నడూ వీచలేదు. బరువు ఎప్పుడూ నిలకడ, గది ఎప్పుడూ నిలకడ. నీళ్ళు అలా ఉండవు.

మావయ్య అత్త దగ్గర ఒక నెల గడువు అడిగాడు. నేను ఊళ్ళోనే ఉండిపోయి, ఈసారి ఆయన అడగమన్నవి అడిగాను. గాలి ఏ వేళకు లేస్తుంది, ఏ నెలలో ఎంత ఉంటుంది, నీళ్ళు ఎక్కడ ఎన్ని బారలు, నాచు ఎక్కడ, అడుగు బురదా రాయా. నోటుబుక్కులో రాసుకున్నాను. చేపలు తూచే స్ప్రింగు కాటా ఒకటి తీసుకుని, గాలి లేని పొద్దున పక్క నావతో మా నావను నడక వేగంలో లాగించి చూశాం. ముల్లు మూడు, నాలుగు కిలోల దగ్గర ఉంది. మధ్యాహ్నం గాలిలో లంగరు తాడుకు కాటా కట్టి చూస్తే గాలి తోపు ఒక్కటే ఐదు నుంచి ఎనిమిది కిలోలు. రెండూ కలిపితే పదకొండు, పన్నెండు. పైన అలల దెబ్బ. 55 పౌండ్లంటే పాతిక కిలోలు. కానీ అది నావను కట్టేసి, నిలబెట్టి కొలిచిన తోపు. నావ కదిలిన కొద్దీ అది తగ్గుతుంది. అయినా మా అవసరానికి సరిపోతుంది. మోటారు ఎంపిక తప్పు కాదని, తప్పంతా నా బ్యాటరీ లెక్కదేనని అప్పుడు తేలింది.

ఇంకొకటి మావయ్యే చెప్పాడు. వచ్చేటప్పుడు వలలు తడిసి ఉంటాయి, సరుకు ఉంటుంది. నావ బరువు పోయేటప్పటిది కాదు. ఎదురుగాలి, ఎక్కువ బరువు, అలిసిన బ్యాటరీ, మూడూ ఇంటిదారిలోనే కలుస్తాయి.

అందుకని రెండోసారి బ్యాటరీలు మార్చాం. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం, వందవి రెండు, ఒకే తయారీ, ఒకే వయసువి, పక్కపక్కన కలిపాం. వోల్టులు పన్నెండే, నిల్వ రెండింతలు. సీసపుది ఒక్కటే ముప్ఫై కిలోలు ఉండేది. ఇవి రెండూ కలిపి పాతిక లోపు. ఒక్కొక్కటిగా మావయ్య ఎడమ చేత్తో పట్టుకుని ఒడ్డుకు తెచ్చుకోగలడు. ఎనభై వంతుల దాకా వాడుకున్నా పాడవవు. వీటికీ ఒక చెడ్డ గుణం ఉంది. చివరి దాకా నిండుగా ఉన్నట్టే నటించి, లోపలి రక్షణ వలయం ఒక్కసారిగా కట్టేస్తుంది. మందగించి హెచ్చరించడం ఉండదు. అందుచేత వోల్టేజి దీపాలు నమ్మకుండా, ఎన్ని ఆంపియర్-అవర్లు ఖర్చయ్యాయో లెక్కపెట్టే మీటరు పెట్టించాం. వీటికి తగిన ఛార్జరు వేరే కొనాలి. దాచడమెందుకు, బ్యాటరీల ఖరీదు మోటారు ఖరీదును దాటిపోయింది. ఒక తెరచాప బాకీ ఇన్నేళ్ళకు కొంతైనా తీరిందనుకున్నాను.

మోటారు విషయంలో నాకు ముందే కలిసివచ్చినవి కొన్ని ఉన్నాయి. ఒకటి, ఉప్పునీటికి చేసిన రకమే తీసుకోవడం. చిలికా నీళ్ళు వర్షాకాలంలో చప్పబడతాయి, ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి. మంచినీటి మోటారు పెడితే తుప్పు తినేస్తుంది. ఉప్పునీటి రకానికి ఒక జింకు ముక్క తగిలిస్తారు. తుప్పు ముందు దాన్ని తింటుంది, అరిగాక మార్చుకోవాలి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగడం మానకూడదు. రెండోది, వేగాన్ని మెట్లుగా కాక కొంచెం కొంచెంగా మార్చే రకం. మెట్ల రకాల్లో తక్కువ వేగంలోనూ కొంత కరెంటు వేడి కింద పోతుంది. మూడోది కడ్డీ పొడవు. పంకా నీళ్ళలో సుమారు అడుగు లోతున మునగాలి. పొట్టిదైతే అలలో పైకి లేచి గాలిని కొడుతుంది, మరీ పొడుగైతే అడుగున గీస్తుంది. నావ వెనక బల్ల నుంచి నీటి దాకా కొలిచాకే కొనాలి. ఇక బ్యాటరీకి మోటారుకు మధ్య లావుపాటి తీగ, 60 ఆంపియర్ల బ్రేకరు తప్పనిసరి. పంకాకు నాచు, తెగిన వల దారాలు చుట్టుకుంటాయి. దారం లోపలికి దూరితే సీలు కోసి నీరు పోనిస్తుంది. వారానికోసారి పంకా విప్పి చూడాలి.

నడిపే పద్ధతి కూడా మార్చాం. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి తొందరపడకపోవడమే పెద్ద పొదుపు. మీటరు మీద మావయ్య ఎర్ర రంగుతో ఒక గీత గీయించాడు. నిల్వలో మూడో వంతు ఖర్చయ్యేసరికి ముల్లు ఆ గీత దగ్గరికి వస్తుంది. వలలో ఏమున్నా సరే, అక్కడ నావ ఇంటికి తిరగాలి. పోవడానికి ఒక వంతు, రావడానికి రెండు వంతులు. ఎండాకాలంలో పదకొండు లోపే తిరుగు ప్రయాణం. గెడ నావలో ఉండవలసిందే. "గెడ ఒగ్గేసి నావెక్కకూడదురా" అని మావయ్య మొదటి రోజు అనవలసిన మాటను ఇప్పుడు అంటాడు. అప్పుడెందుకు అనలేదని అడిగితే, "సదువుకున్నోడివి కదా, నీకు తెలుసనుకున్నాను" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ మేలో అత్తను కూడా ఒక పొద్దున ఎక్కించుకుని వెళ్ళాం. అమ్మకం మాట ఆ తర్వాత ఎత్తలేదు. దారిలో ఆవిడ మెల్లగా మాట్లాడితే మావయ్య తిరిగి జవాబు చెప్పాడు. నావ మీద వాళ్ళిద్దరూ అరవకుండా మాట్లాడుకోవడం మోటారు ఖరీదులో నేను లెక్కవేయని లాభం.

మన పత్రిక చదివేవారిలో నీటి పక్కన ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. యానాంలో ఉన్నవారికి గాలి కన్నా గోదావరి పోటూ పాటూ ముఖ్యం. ఈ మోటార్లు వడిగా నడిచే మనిషి వేగం కన్నా పెద్దగా మించవు. పాటు బలంగా లాగే వేళ ఎదురీదలేవు. పులికాట్ వైపు వారికి లోతు తక్కువ, కడ్డీ పొడవు, నాచు ముందు చూసుకోవాలి. పూరీలో, గోపాల్‌పూర్‌లో కెరటాలు దాటి సముద్రంలోకి పోయే నావలకు ఇవి అసలు పనికిరావు, ఆ సాహసం చెయ్యకండి. ఎవరి నీళ్ళు వారివి.

ఇప్పుడు మా రేవులో కుర్రవాళ్ళు వచ్చి, "తాతా, ఎన్ని పౌండ్ల మోటారు కొనాల?" అని మావయ్యను అడుగుతున్నారు. ఆయన పౌండ్లు చెప్పడు. "నీ వలలెక్కడ? ఎన్నింటికి తిరుగుతావు? తిరిగేటప్పుడు గాలేటు?" అని అడుగుతాడు. ఆ మూడింటికీ జవాబు తెచ్చుకున్నాకే నా దగ్గరికి, లెక్క కోసం పంపిస్తాడు.